దక్కన్ మెట్ట సేద్యం: చరిత్ర

కాలువ, చెరువు నీరు అందని నేలల్లో వాననే నమ్ముకొని పంటలు పండించడాన్ని, దానికి తోడుగా పశువులను సాకడాన్ని మెట్ట సేద్యం లేదా వర్షాధార వ్యవసాయం అంటారు. రాయలసీమ, ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాలు, దక్షిణ తెలంగాణ, కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు ప్రాంతాలు దక్కన్‌లో దీనికి ముఖ్య క్షేత్రాలు. పడమటి కనుమల చాటున ఉన్న అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఎంత పడిందన్న దానికన్నా ఎప్పుడు పడిందన్నదే అక్కడి రైతుకు ముఖ్యం. తొలకరికి పదునిచ్చిన వాన నెల్లాళ్లు మొహం చాటేస్తే, లోతులేని ఎర్ర చెలకల్లో మొలక నిలవదు.

పాత ఏర్పాటు

జొన్న, కొర్ర, కంది, అనుము ఒకే చేలో విత్తడం ఇక్కడి పాత పద్ధతి. తొలకరి బాగుంటే జొన్న, కొర్ర చేతికొస్తాయి. అవి తప్పితే లోతుగా వేరు తన్నే కంది నిలుస్తుంది. ఏదీ దక్కకపోతే పుబ్బ, ఉత్తర కార్తెల్లో ఉలవ వేస్తారు. జడ్డిగంలో పోసిన గింజ గొర్రు గొట్టాల గుండా తడి ఉన్న లోతుకు చేరుతుంది. ఆ తర్వాత గుంటక తోలి పైమట్టిని కదిపితే కలుపు పోవడమే కాక అడుగు తడి ఆరిపోకుండా ఉంటుంది.

గింజ మనిషికి, చొప్ప ఎద్దుకు. కోతలయ్యాక చేలను ఊరి పశువుల మేపుకు వదిలేవారు. కురుమ, కురుబ, గొల్ల కాపరులను పిలిచి రాత్రిపూట చేలో గొర్రెల మందను ఆపించుకొనేవారు. ఆ ఎరువుకు బదులుగా కాపరికి ధాన్యమో డబ్బో ముట్టేది. ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రె ఈ రాతినేలల ఎండకు, దూరపు నడకకు తట్టుకుంటుంది. దాని ఉన్నితోనే గొంగళ్లు నేసేవారు. కరువొస్తే పంట ఉన్నచోటే ఎండిపోతుంది, మంద మేత ఉన్నచోటికి నడిచిపోతుంది. మెట్ట ఊళ్లు గొర్రెను వదలకపోవడానికి ఇది పెద్ద కారణం.

నీటి విషయంలో ఆనాటివారి తెలివికి కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు సాక్ష్యం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దీన్ని కట్టించాడు. 1369 నాటి అక్కడి సంస్కృత శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను చెబుతుంది. వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారనీ రాసి ఉంది. నీరు తక్కువై భూమి ఎక్కువగా ఉండటాన్నీ, భూమి తక్కువై నీరు ఎక్కువగా ఉండటాన్నీ అది దోషాలుగానే లెక్కించింది. ఉన్న నీటికి తగ్గ సాగు అనే ఆలోచన అప్పటికే అంత స్పష్టంగా ఉంది. చెరువు ఆయకట్టుకే కాదు, చుట్టుపక్కల మెట్టకూ ఆసరా. బావుల్లో ఊట దాని వల్లే నిలుస్తుంది, పూడిక మట్టి చెలకకు బలమిస్తుంది, మంద నీళ్లు తాగేదీ అక్కడే.

కరువు, పరిశోధన

1876–78 ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు ఘోరంగా నష్టపోయాయి. ఎద్దులు కూడా చచ్చిపోవడంతో, వాన తిరిగొచ్చాక దున్నే దిక్కులేని కుటుంబాలు మిగిలాయి. ఆ తర్వాత వచ్చిన 1880 కరువు కమిషన్ నివేదిక సహాయక చర్యల నిబంధనలకు పునాది వేసింది. సేద్యం మీద పరిశోధన మాత్రం ఆలస్యంగా మొదలైంది. బళ్లారి దగ్గర హగరి కేంద్రం 1906లో ఏర్పడింది. 1930లలో సోలాపూర్, బీజాపూర్, హగరి, రాయచూరు, రోహతక్‌లలో మెట్ట సేద్య పథకాలు నడిచాయి. కట్టలు వేయడం, మూడేళ్లకోసారి లోతు దుక్కి, పలుచగా విత్తడం, తరచూ అంతరకృషి వంటివి అవి సూచించిన పద్ధతులు. దిగుబడి 15–20 శాతం పెరిగిందంటారు. అయితే ఎకరాకు ఒకటి రెండు బస్తాలు పండే చోట ఆ పెరుగుదల రైతు కష్టానికి సరితూగలేదు.

1970లో కెనడా సహకారంతో హైదరాబాద్ కేంద్రంగా అఖిల భారత మెట్ట వ్యవసాయ పరిశోధన పథకం ప్రారంభమైంది. అనంతపురం కూడా దాని కేంద్రాల్లో ఒకటి. 1985లో ఏర్పడిన కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, దీని నుంచి పుట్టిందే. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. వానాకాలంలో బంకగా మారే నల్లరేగడిని రైతులు ఖాళీగా ఉంచి, నిలవ తేమ మీద రబీ పంట వేసేవారు. ఇక్రిశాట్ వెడల్పాటి మడులు, మధ్య కాలువలు తీసి, వానకు ముందే పొడి దుక్కిలో విత్తించి రెండు పంటలు పండించింది. 1976 నుంచి దశాబ్దాలపాటు సాగిన ఈ ప్రయోగంలో పాత పద్ధతిలో హెక్టారుకు సుమారు 1 టన్ను గింజ పండగా, కొత్త పద్ధతిలో దాదాపు 5 టన్నులు పండింది. అయినా అందుకు కావలసిన పనిముట్టు కొనే స్తోమత చిన్న రైతుకు లేక, ఆ పద్ధతి పరిశోధన క్షేత్రం దాటి అనుకున్నంతగా వ్యాపించలేదు.

వేరుశనగ, బియ్యం, బోరు

ఈ పరిశోధనలు సాగుతుండగానే పల్లెలు మరో దారి పట్టాయి. అనంతపురంలో వేరుశనగ చిరుధాన్యాలను పక్కకు నెట్టి లక్షల హెక్టార్లకు పాకింది. 1940లో విడుదలైన టీఎంవీ-2 రకమే చాలాకాలం రాజ్యమేలింది. చేతికి డబ్బొచ్చింది, వేరుశనగ కట్టె మంచి మేత కూడా. కానీ ఊరంతా ఒకే పంట వేస్తే ఒక్క బెట్టతో ఊరంతా నష్టపోతుంది. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. ఆ మేలు చిన్నది కాదు. దానితోపాటే జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి వెనక్కి తగ్గాయి. జొన్న తగ్గిన చేలో చొప్పా తగ్గింది.

బోర్లు వచ్చాక చెరువు బాగోగులు చూసేవారు కరవయ్యారు. ఇక్కడి గ్రానైట్ రాతిలో నీరు నిలిచేది పగుళ్లలోనే. పక్కపక్కన బోర్లు వేస్తే ఒకరి నీటిని మరొకరు లాగేసుకున్నట్టే. నా దృష్టిలో మెట్ట ఊళ్లను వానలేమి కన్నా ఎక్కువగా కుంగదీసింది ఎండిన బోర్ల మీది అప్పులే.

తిరిగి కలిపిన ప్రయత్నాలు

కేంద్రం నియమించిన హనుమంతరావు కమిటీ సిఫారసుల మేరకు 1995 నుంచి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ వాటర్‌షెడ్ పథకాలు దేశమంతటా ఒకే మార్గదర్శకాల కిందికి వచ్చాయి. గుట్ట మీది కందకాల నుంచి దిగువ చెక్‌డ్యామ్ వరకు, సుమారు 500 హెక్టార్ల పరీవాహకాన్ని ఒక యూనిట్‌గా తీసుకున్నారు. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో చేపట్టిన పని వల్ల బావుల్లో నీరు పెరగడంతోపాటు మేత దొరికి పాడీ పెరిగింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. నీటి కుంటలకు, పూడికతీతకు కూలి డబ్బు దాని నుంచి వచ్చింది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు చెరువు మట్టిని తిరిగి చెలకలకు తోలుకున్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో సాగిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం వీటిలో ప్రత్యేకమైనది. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం నమోదు చేశారు, రబీకి ముందు ఊరంతా కూర్చొని నీటి లెక్క కట్టారు. వరి మానమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క చూసి చాలామంది తామే తగ్గించుకున్నారు.

జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, ఎక్కువమంది దళితులు, బీడు భూములను సాగులోకి తెచ్చి, అందుకు తీసుకున్న అప్పును జొన్నల రూపంలో తీర్చి, ఆ ధాన్యాన్ని ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు అందించారు. ఆహార భద్రతకు గోదాము ఊళ్లోనే ఉండొచ్చని వారు చేసి చూపారు.

ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో భాగంగా 2018 నుంచి అనంతపురంలో వానకు ముందే నవధాన్యాలు చల్లుతున్నారు. మట్టి, పేడ పూత పట్టించిన విత్తనాలు కొద్ది తడికే మొలుస్తాయి. ఆ పచ్చికలో కొంత పశువులకు కోసి, మిగిలింది నేలకు కప్పుగా వదులుతారు. ఏడాది పొడవునా చేను పచ్చగా ఉండాలంటే, కోతల తర్వాత మందలకు చేలు వదిలే పాత కట్టుబాటును సవరించుకోక తప్పదు. ఏ చేను ఎప్పుడు మేపుకు ఇవ్వాలో రైతులు, కాపరులు కూర్చొని తేల్చుకోవాల్సి ఉంది.