శ్రీశైలము దారిలో వీరాస్వామయ్య

కర్నూలు నానుకొనియున్న కల్లూరువారు నేడు ఉదయము బస్సెక్కిన మధ్యాహ్నమునకు శ్రీశైలములో దిగుదురు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచిన ఏనుగుల వీరాస్వామయ్యగారికి ఆ సదుపాయము లేదు. సుప్రీంకోర్టు దుబాసీయైన ఆయన, వందమందికి పైబడిన పరివారముతో కాశికి పోవుచు, కడప, అహోబిలము, మహానంది చూచి, ఆత్మకూరు మీదుగా ఈ కొండ నెక్కెను. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, ఈ మజిలీలు ఉగాదికి కన్నడదేశమునుండి కాలినడకను వచ్చు భక్తులకు నేటికిని పరిచితములే. అచటి మెట్లు 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి కట్టించినవని ప్రతీతి. ఎక్కినవారికే గదా వాని నిటారుతనము తెలియుట!

వీరాస్వామయ్యగారు స్వామికి చేతులు జోడించి ఊరకుండలేదు. నాడు కల్లూరు మొదలగు గ్రామముల నేలిన కందనూరు నవాబు యాత్రికులవద్ద సుంకము గైకొనుచు, ఆలయమును మాత్రము బాగుచేయింపకుండుట వ్రాసిపెట్టెను. ఆయన 1836లో గతించెను. ఆ దినచర్య 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యెను. మరుసటి సంవత్సరమే నవాబు ఏలుబడియు ముగిసెను.

దేవాలయములతోపాటు మంచినీళ్ల బావులను, అంగళ్లను గూడ మరువక వ్రాసిన ఆ గ్రంథమును సంచిలో నుంచుకొని, శివరాత్రికి అడవిదారి తెరచినప్పుడు, వేంకటాపురము నుండి నాగలూటి వరకైనను నడచి చూడవలసినదిగా శ్రోతలను కోరుచున్నాము.