పసిబిడ్డ చెవి – పరీక్షల చరిత్ర

బిడ్డకు వినబడుతుందా అని మన ఇళ్ళల్లో వెనకనుంచి పళ్ళెం మోగించి చూస్తారు. నేల అదిరినా, నీడ కదిలినా బిడ్డ తిరుగుతుంది, అదేం పరీక్ష? 1944లో ఇంగ్లాండులోని మాంచెస్టరులో ఈవింగ్ దంపతులు దీన్ని శాస్త్రీయం చేశారు: కంటబడకుండా పక్కనుంచి మెల్లని శబ్దం చేసి, తల తిప్పుతుందా అని చూడటం. కాని బిడ్డకు ఆరేడు నెలలు నిండాలి.

1978లో లండనులో డేవిడ్ కెంప్, ఆరోగ్యమైన చెవి తానే సన్నని ధ్వనిని తిరిగి పంపుతుందని కనుగొన్నాడు. దానితో నిద్రపోయే పసికందుకే పరీక్ష సాధ్యమైంది. మన దేశంలో బధిరత్వ నివారణ జాతీయ కార్యక్రమం 2007లో మొదలైంది.

నల్లమాడ వైపు మాత్రం "వాళ్ళ తాతకూ మాట ఆలస్యమేలే" అని మూడేళ్ళు ఊరకే గడిపేవాళ్ళున్నారు. సోదరులారా, నెలలోపు పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు వినికిడి సాధనం – డాక్టర్లు చెప్పే లెక్క ఇది.