బరువు దిగాక మిగిలే చర్మం: ఒక శస్త్రచికిత్స చరిత్ర

స్థూలకాయం నుంచి బయటపడినవారి ఒంటిమీద వదులుగా వేలాడే చర్మాన్ని కోసి తీసి, మిగతా చర్మాన్ని బిగించి కుట్టే శస్త్రచికిత్సలన్నిటినీ కలిపి వైద్యులు బాడీ కాంటూరింగ్ అంటారు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వంటి మందుల రాకతో ఈ మాట ఇటీవల సామాన్య పాఠకులదాకా చేరినా, దీని చరిత్ర నూరేళ్లకు పైబడినది. ఇప్పుడు సౌందర్య చికిత్సల పద్దులో చేరిన ఈ విద్య బాధను తీర్చే ప్రయత్నంగానే పుట్టిందని, బరువు తగ్గించే ప్రతి కొత్త పద్ధతీ దీనికి కొత్త బాధ్యతను అప్పగించిందని ఆ చరిత్ర చెబుతుంది.

1890లో ఫ్రాన్సులో డెమార్స్, మార్క్స్ అనే వైద్యులు పొట్టమీది కొవ్వును చర్మంతో సహా తొలగించినట్లు నమోదైంది. 1899లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో స్త్రీల వ్యాధుల నిపుణుడు హోవర్డ్ కెల్లీ, భారీకాయంతో అవస్థపడుతున్న ఒక స్త్రీ పొట్టను అడ్డంగా కోసి దాదాపు 7 కిలోల కొవ్వునూ చర్మాన్నీ తీసివేశాడు. వేలాడే పొట్ట నడకకు అడ్డమై, మడతల్లో చెమట నిలిచి చర్మం ఒరిసి పుండ్లు పడే దుస్థితిని తప్పించడం ఇటువంటి చికిత్సకు ప్రధాన ప్రయోజనం. అప్పట్లో బొడ్డు కూడా చర్మంతోపాటు పోయేది. షికాగోలో శస్త్రవైద్యుడు మాక్స్ థోరెక్ దానిని కాపాడే పద్ధతులను ప్రయత్నించగా, 1957లో వెర్నన్ అనే వైద్యుడు బొడ్డును దాని చోటనే ఉంచి, కిందికి లాగిన చర్మంలో దానికి కొత్త ద్వారం చేసే విధానాన్ని వివరించాడు. 1967లో బ్రెజిల్ శస్త్రవైద్యుడు ఈవో పిటాంగీ, కోత మచ్చ లోదుస్తుల మరుగున ఉండేలా దానిని పొత్తికడుపు దిగువకు మార్చిన తన అనుభవాన్ని ప్రకటించాడు. రూపం మీది శ్రద్ధ ఈ విద్యలో బలంగా చోటు చేసుకున్నది ఈ దశలోనే.

సరిగ్గా ఆ కాలంలోనే, 1966లో, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్‌ను, అంటే జీర్ణాశయంలో చిన్న భాగాన్ని వేరుచేసి నేరుగా చిన్నపేగుకు కలిపి బరువు తగ్గించే శస్త్రచికిత్సను ప్రవేశపెట్టాడు. 1994లో ఈ చికిత్సను చిన్న రంధ్రాల ద్వారా లాపరోస్కోపీతో చేయవచ్చునని నివేదిక వెలువడ్డాక దానిని చేయించుకునేవారు వేలకు వేలుగా పెరిగారు; వారితోపాటే వదులు చర్మం సమస్యా పెరిగింది. ఏళ్ల తరబడి సాగి ఉన్న చర్మంలో, దానికి బిగువునిచ్చే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతిని ఉంటాయి కనుక, లోపలి కొవ్వు కరిగినా పైచర్మం ముడుచుకోదు. గొట్టంతో కొవ్వును పీల్చే లైపోసక్షన్ కూడా ఈ వదులును పోగొట్టలేదు. పైగా సమస్య పొట్టకే పరిమితం కాక నడుము, తొడలు, చేతులు, రొమ్ములదాకా వ్యాపించి ఉంటుంది. చర్మం కింద కొవ్వు పొరలో ఉండే గట్టి తంతుజాలాన్ని పట్టి కుడితే పైచర్మంపై లాగుడు తగ్గుతుందని శస్త్రవైద్యుడు టెడ్ లాక్‌వుడ్ 1990ల ఆరంభంలో చూపడం వల్ల నడుము చుట్టూ, తొడల మీదా పెద్ద కోతలు సాధ్యమయ్యాయి. మేసన్ పనిచేసిన అయోవా నుంచే 2003లో నడుము చుట్టూతా పట్టీలాగా చర్మాన్ని తీసే బెల్ట్ లైపెక్టమీ అనుభవాలు వెలువడ్డాయి. 2005లో పిట్స్‌బర్గ్ వైద్యులు శరీరాన్ని పది భాగాలుగా విభజించి వదులు తీవ్రతను కొలిచే ప్రమాణాన్ని రూపొందించారు.

మందుల యుగం ఈ చరిత్రలో తాజా అధ్యాయం. పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1 అనే హార్మోనును అనుకరించి ఆకలిని తగ్గించే సెమాగ్లుటైడ్‌ను 2021లో అమెరికా స్థూలకాయ చికిత్సకు అనుమతించింది. ఒక పెద్ద పరీక్షలో దీనిని 68 వారాలు వాడినవారు సగటున 15 శాతం, మరొక పరీక్షలో టిర్జెపటైడ్ అధిక మోతాదును 72 వారాలు వాడినవారు 21 శాతం దాకా బరువు తగ్గారు. 2025లో వెగోవీ, మౌంజారో పేర్లతో ఈ రెండు మందులూ భారతదేశంలోకి వచ్చాయి కనుక తెలుగు కుటుంబాలకూ ఈ విషయం దూరమైనది కాదు. అయితే మందు మానినవారిలో బరువు తిరిగి రావడం సాధారణం కాబట్టి, కొన్ని నెలలపాటు బరువు నిలకడగా ఉన్నాకే శస్త్రచికిత్సకు పూనుకోవడం మేలు. కొవ్వుతోపాటు కండ కూడా తగ్గుతుంది, తిండి తగ్గి మాంసకృత్తులు చాలకపోతే పుండు ఆలస్యంగా మానుతుంది. ఈ మందులు జీర్ణాశయాన్ని నెమ్మదిగా ఖాళీ చేయిస్తాయి కనుక మత్తు ఇచ్చే సమయంలో ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని, వారానికొకసారి తీసుకునేవారు శస్త్రచికిత్సకు వారం ముందే ఆపాలని 2023లో అమెరికా మత్తువైద్యుల సంఘం సూచించింది. మరుసటి ఏడాది పలు సంఘాలు కలిసి, ముప్పు తక్కువగా ఉన్న చాలామంది మందు కొనసాగించవచ్చునని, ముప్పు ఎక్కువున్నవారు ముందురోజు ద్రవాహారం మాత్రమే తీసుకోవాలని సవరించాయి.

ఇన్ని మార్పులు వచ్చినా, ఇది చికిత్సా, అలంకరణా అన్న వివాదం మాత్రం తీరలేదు. అమెరికా బీమా సంస్థలు, వేలాడే పొట్టను మాత్రమే తొలగించే పానిక్యులెక్టమీకి మడతల్లో మానని పుండ్లవంటి రుజువులుంటే డబ్బు చెల్లిస్తాయి గానీ, కండరాలను కూడా బిగించి రూపం దిద్దే ఎబ్డామినోప్లాస్టీని సాధారణంగా సౌందర్య చికిత్సగానే లెక్కగడతాయి. కెల్లీ నాటి రోగి బాధకూ, మందుతో బరువు దించుకుని చర్మపు మడతలతో సతమతమయ్యే నేటి మనిషి బాధకూ మూలం ఒకటే. బరువు దించడాన్ని వైద్యంగా ఒప్పుకున్న సమాజం, ఆ వైద్యం వల్లనే మిగిలిన బాధను తీర్చడాన్ని విలాసమని పక్కనపెట్టడం న్యాయం కాదు.