ఉమ్మడి సొత్తు: సాంబమసూరి కథ

ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చెనని మన పెద్దలొక సామెత చెప్పిరి. పదిమంది సొత్తైన దానిని పట్టించుకొనువారుండరని దాని భావము. అయితే ఈ సామెతకు లొంగని ఉమ్మడి సొత్తొకటి మన విస్తళ్లలోనే కలదు. అదియే సాంబమసూరి అన్నము. పరిశోధకుల పొత్తు పల్లెల కేమి మేలు చేసినదో ఆ గింజను బట్టియే నేడు చెప్పదలచితిని.

ముందుగా మసూరి పుట్టుక. 1950 దశకమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆసియా దేశములకై ఒక ఉమ్మడి పథకమును నడపెను. మన వరి తెగలను జపాను తెగలతో సంకరము చేయు పని కటకమునందలి కేంద్ర వరి పరిశోధనాలయమున జరిగెను. అచటి విత్తులు పలు దేశములకు పోయెను. మలేషియాలో వానినుండి ఏరి 1965లో విడుదల చేసిన రకమే మసూరి.

అది మన దేశమునకు వచ్చినపుడు, పైరు పడిపోవునను దోషము చూపి పరిశోధకులు దానిని ప్రక్కకు నెట్టిరి. ఆంధ్ర రైతులు నెట్టలేదు. అన్నపు రుచి చూచిరి. విత్తనమును చేతినుండి చేతికి మార్చుకొనిరి. కొలది యేండ్లలో మసూరి ఊరూర వ్యాపించెను. ఏ ఒడంబడికలోను రైతు పేరు లేదు. కాని తీర్పు మాత్రము అతనిదే.

ఆ తీర్పును బాపట్ల పరిశోధకులు మన్నించిరి. కోయంబత్తూరున వెలువడిన జి.ఇ.బి. 24ను, తైవాను పొట్టివరిని కలిపి, దానికి మసూరిని జోడించి పుట్టించిన బి.పి.టి. 5204 సాంబమసూరి యను పేర 1986లో విడుదలయ్యెను. గింజ సన్నము, అన్నము మేలు. అందుచే అంగడిలో దానికి మంచి ధర పలికెను.

కాని దానికి ఎండాకు తెగులను శత్రువు కలదు. కృష్ణా డెల్టాలో నొక చేని గట్టున నిలిచి ఆ తెగులును నేను చూచితిని. ఆకుల అంచులు పసుపువారి, కొనలనుండి క్రిందికి ఎండిపోవుచుండెను. అది బాక్టీరియా వలన వచ్చునది. మందు చల్లినను సులభముగా లొంగదు. ప్రక్కన నిలిచిన కౌలురైతు, “చేను ఎండినా కౌలు ఎండదండీ!” అనెను. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది.

ఈ తెగులును ఎదుర్కొన హైదరాబాదునందలి రెండు సంస్థలు చేయి కలిపెను. ఒకటి కణ, అణు జీవశాస్త్ర కేంద్రము. రెండవది రాజేంద్రనగరునందలి వరి పరిశోధనాలయము. మొదటిదానికి జన్యువులను గుర్తించు విద్య తెలియును; రెండవదానికి పొలము తెలియును. తెగులును తట్టుకొను మూడు జన్యువులను వారు సాంబమసూరిలో చేర్చిరి. వానిలో నొకటి ఆఫ్రికా అడవివరినుండి వచ్చినది. చేర్చుట యొక యెత్తు, గింజ గుణము చెడకుండ చూచుట మరియొక యెత్తు. అందుచే పుట్టిన మొక్కలను మరల మరల సాంబమసూరితోనే సంకరము చేసి, మూడు జన్యువులును నిలిచిన వానినే ప్రతి తరమున ఏరిరి. ఆ మెరుగైన సాంబమసూరి 2008లో విడుదలయ్యెను. ఏ యొక్క సంస్థయు తానొక్కటియే దీనిని సాధించి యుండెడిది కాదేమో!

విత్తనము అన్ని కష్టములను తీర్చునని నేననను. కౌలు, అప్పు, ధర యనునవి జన్యువులకు లొంగవు. అయినను తెగులు సోకిన యేట గాదెలో నాలుగు బస్తాలు మిగిలినచో, ఆ యింటికదియే పెద్ద బలము.

కటకము, మలేషియా, తైవాను, కోయంబత్తూరు, బాపట్ల, హైదరాబాదు, ఆఫ్రికా అడవి: ఇన్ని చోట్ల శ్రమయు సంపదయు ఒక్క ముద్దలో నున్నవి. పరిశోధకులు త్రోసివేసిన మసూరిని నిలబెట్టిన రైతును మాత్రము మనము మరువరాదు. పొత్తు కుదుర్చుకొను వేళ, పంట చేతికి వచ్చిన పిమ్మట గాక, విత్తు ఏరునపుడే అతనిని పిలువవలెను. అపుడు మన ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చావదు.