బార్సిలోనాలో ఇళ్ల అద్దెలు, పర్యాటక ఫ్లాట్ల నియంత్రణ

స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంత రాజధాని బార్సిలోనా. పెరిగిపోతున్న ఇళ్ల అద్దెలను, పర్యాటకులకు రోజుల లెక్కన ఇచ్చే ఫ్లాట్లను అదుపు చేయడానికి 2014 నుంచి ఈ నగరం వరుసగా నిబంధనలు తెచ్చింది. 2024లో ఇక్కడ లైసెన్సు ఉన్న పర్యాటక ఫ్లాట్లు 10,101. 2028 నవంబరు తర్వాత వీటిలో ఒక్క లైసెన్సునూ కొనసాగనివ్వబోమని మేయరు జౌమె కొల్బోని 2024 జూన్ 21న ప్రకటించారు. పదేళ్లలో నగరంలో అద్దెలు 68 శాతం, ఇళ్ల ధరలు 38 శాతం పెరిగాయని ఆ సందర్భంలో ఆయన చెప్పారు.

నేపథ్యం

ఒకవైపు మధ్యధరా సముద్రం, మరోవైపు కొల్సెరోలా కొండలు ఉండటంతో బార్సిలోనా విస్తరించడానికి చోటు తక్కువ. 1992 ఒలింపిక్స్ తర్వాత నగరానికి వచ్చే పర్యాటకుల సంఖ్య బాగా పెరిగింది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇంటి అప్పు వాయిదాలు కట్టలేక ఎన్నో కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. సొంతిల్లు కొనుక్కోవడమే ఆనవాయితీగా ఉన్న దేశంలో అద్దె ఇళ్ల కోసం వెతికేవారు ఎక్కువయ్యారు. ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు చాలా కొద్దిగా ఉండటంతో వాళ్లంతా ప్రైవేటు యజమానుల మీదే ఆధారపడవలసి వచ్చింది.

2013లో అద్దె చట్టానికి చేసిన సవరణ అద్దెదారుకు హామీగా ఉన్న కనీస గడువును అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. పర్యాటక అద్దెలను ఆ చట్టం పరిధి నుంచి తప్పించి, వాటి నియంత్రణను ప్రాంతీయ ప్రభుత్వాలకు వదిలింది. 2019లో కనీస గడువు మళ్లీ అయిదేళ్లు అయింది. యజమాని కంపెనీ అయితే ఏడేళ్లు.

పర్యాటక ఫ్లాట్లు

2014 వేసవిలో సముద్రపు ఒడ్డునున్న బార్సిలోనెటా పేటవాసులు పర్యాటకుల ఆగడాలతో విసిగి వీధికెక్కారు. అదే ఏడాది కొత్త లైసెన్సుల జారీ ఆగిపోయింది. ఇంటి అప్పుల బాధితుల ఉద్యమానికి ప్రతినిధిగా పేరు తెచ్చుకున్న అదా కొలావ్ 2015లో మేయరయ్యారు. తమ వెబ్‌సైట్లలో లైసెన్సు లేని ఫ్లాట్లను ప్రకటించినందుకు ఎయిర్‌బీఎన్‌బీ, హోమ్‌అవే సంస్థలకు నగరపాలక సంస్థ 2016లో చెరో 6 లక్షల యూరోల జరిమానా వేసింది. పర్యాటక వసతులు ఎక్కడెక్కడ ఉండవచ్చో నిర్ణయించే ప్రత్యేక ప్రణాళిక 2017లో ఆమోదం పొందింది. సొంతింట్లో ఒక గదిని 31 రోజుల కన్నా తక్కువ కాలానికి పర్యాటకులకు ఇవ్వడాన్ని 2021లో నిషేధించారు.

పర్యాటక ఫ్లాట్ల ప్రభావంపై 2020లో జర్నల్ ఆఫ్ అర్బన్ ఎకనామిక్స్‌లో వెలువడిన అధ్యయనం ముఖ్యమైనది. ఎయిర్‌బీఎన్‌బీ వల్ల నగరంలోని పేటల్లో అద్దెలు సగటున 1.9 శాతమే పెరిగాయని, అలాంటి ఫ్లాట్లు బాగా ఎక్కువగా ఉన్న పేటల్లో మాత్రం పెరుగుదల 7 శాతం దాకా ఉందని అది తేల్చింది. అంటే నగరమంతటా అద్దెలు పెరగడానికి పర్యాటక ఫ్లాట్లు ఒక్కటే కారణం కాదు. కానీ అవి గుమిగూడిన పేటల్లో పాతకాపులపై పడే భారం చిన్నదేమీ కాదు.

కాటలోనియా ప్రభుత్వం 2023 నవంబరులో తెచ్చిన అత్యవసర శాసనం ఇళ్ల కొరత ఉన్న 262 ఊళ్లలో పర్యాటక లైసెన్సుల కాలాన్ని అయిదేళ్లకు పరిమితం చేసింది. కొల్బోని ప్రకటనకు ఆధారం ఇదే. దీన్ని సవాలు చేసిన పిటిషన్‌ను స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం 2025 మార్చిలో కొట్టివేసింది.

అద్దెలపై పరిమితి

కాటలోనియా 2020లో సొంతంగా అద్దె పరిమితి చట్టం చేసుకుంది. ఆ అధికారం ప్రాంతీయ ప్రభుత్వానికి లేదంటూ అందులోని కీలకమైన సెక్షన్లను రాజ్యాంగ న్యాయస్థానం 2022 మార్చిలో రద్దుచేసింది. 2023 మేలో అమల్లోకి వచ్చిన జాతీయ గృహ హక్కు చట్టం మళ్లీ దారి తెరిచింది. దీని ప్రకారం ఇంటి ఖర్చు సగటు కుటుంబ ఆదాయంలో 30 శాతం దాటినా, అయిదేళ్లలో అద్దెలు లేదా ధరలు సాధారణ ధరల సూచీ కన్నా కనీసం 3 శాతం పాయింట్లు ఎక్కువగా పెరిగినా ఆ ప్రాంతాన్ని ఒత్తిడి ప్రాంతంగా ప్రకటించవచ్చు. అక్కడ ఇంట్లోకి కొత్తవారు వచ్చినా, అద్దె సాధారణంగా పాత ఒప్పందం మొత్తాన్ని దాటకూడదు. ఎక్కువ ఇళ్లున్న పెద్ద యజమానులు ప్రభుత్వం ప్రకటించే అద్దె సూచీకి లోబడాలి. ఇల్లు చూపించిన ఏజెంటు కమిషన్‌ను అద్దెదారు కాక యజమాని భరించాలి. బార్సిలోనా సహా కాటలోనియాలోని 140 ఊళ్లలో ఈ పరిమితులు 2024 మార్చి 16 నుంచి అమలయ్యాయి.

ఫలితాలు, విమర్శలు

పరిమితి వచ్చాక బార్సిలోనాలో కొత్త ఒప్పందాల సగటు అద్దె కొంత తగ్గింది. ఒప్పందాల సంఖ్య కూడా తగ్గింది. చదువు, ఉద్యోగం లాంటి తాత్కాలిక అవసరాల పేరిట ఏడాది లోపు ఇచ్చే ఒప్పందాలు పెరిగాయి. అద్దె పరిమితి అప్పట్లో వీటికి వర్తించకపోవడంతో కొందరు యజమానులు అటు మళ్లారు. ఫలితంగా, ఊళ్లోనే స్థిరపడి బతుకుతున్నవారు కూడా నెలల లెక్కన ఇల్లు మారవలసి వచ్చింది. 2017లో ఏర్పడిన అద్దెదారుల సంఘం ఈ సందును పూడ్చాలని పట్టుబట్టింది.

పర్యాటక ఫ్లాట్ల యజమానుల వాదన వేరు. నగరంలోని మొత్తం ఇళ్లలో తమ వాటా చాలా స్వల్పమని, నిషేధిస్తే లైసెన్సు లేని ఫ్లాట్లే పెరుగుతాయని వారంటారు. కొత్త ఇళ్లు కట్టకుండా అద్దెలు దిగిరావన్నది పరిమితిని వ్యతిరేకించేవారి మాట. ఇందులో కాదనలేని నిజం ఉంది. అయితే ఇళ్లు కట్టడానికి ఏళ్లు పడుతుంది, ఒప్పందం ముగిసిన కుటుంబానికి మాత్రం ఆ నెలలోనే నీడ కావాలి.

పర్యాటక లైసెన్సు పోయినంత మాత్రాన ఆ ఫ్లాటు దానంతటదే స్థానిక కుటుంబం చేతికి రాదు. యజమాని దాన్ని అమ్ముకోవచ్చు, ఖాళీగా ఉంచవచ్చు, తాత్కాలిక ఒప్పందంపై ఇవ్వవచ్చు. అందుకే పర్యాటక లైసెన్సులు, అద్దె పరిమితి, తాత్కాలిక ఒప్పందాలు, ప్రభుత్వ గృహ నిర్మాణం అనే నాలుగింటినీ ఒకేసారి పట్టించుకోవలసి ఉంది. ఒకదాన్ని బిగించి మరొకదాన్ని వదిలేస్తే అద్దె ఇల్లు అటే జారిపోతుందని ఈ పదేళ్ల అనుభవం చూపుతోంది. 2028లో రద్దయ్యే లైసెన్సుల సంఖ్య కన్నా, వాటిలో ఎన్ని ఫ్లాట్లు ఏడాది పొడవునా మనుషులు కాపురముండే ఇళ్లవుతాయన్నదే ఈ విధానానికి అసలు కొలమానం.