బౌబజారు ఉపన్యాసశాల

కలకత్తా నగరంలో బౌబజారు వీధి 210వ సంఖ్య గల భవనంలో 1876 జూలై 29వ తేదీన ఒక సంఘం ప్రారంభమైనది. అందులో ప్రవేశించడానికి పరీక్ష లేదు. అక్కడ విన్న విద్యకు పట్టా లేదు. దానివల్ల ఉద్యోగం లభిస్తుందన్న ఆశ అంతకంటే లేదు. సాయంకాలం దీపాలు పెట్టిన తరువాత వచ్చి, బల్లమీద అమర్చిన యంత్రాలను చూచి, ఉపన్యాసం విని, ఇండ్లకు మరలిపోవడమే అక్కడి శ్రోతల పని. ఆంగ్లంలో దాని పేరు ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. మనం దానిని విజ్ఞానసభ అని పిలుచుకొందాము. తెలుసుకోవాలన్న కుతూహలం తప్ప మరొక అర్హత లేని పౌరుల కోసం ఈ దేశీయులే స్వయంగా నడిపిన విజ్ఞాన సంస్థలలో ఇది ముఖ్యమైనది. దానిని స్థాపించిన మహనీయుడు మాత్రం తన జీవితం విఫలమైనదని నమ్ముతూ కన్నుమూసినాడు. ఆయన నమ్మకం సరియైనదేనా అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మహేంద్రలాల్ సర్కార్ 1833లో హౌరా ప్రాంతంలోని పైక్‌పాడా గ్రామంలో జన్మించినాడు. పసితనంలోనే తండ్రిని, తరువాత కొద్ది ఏండ్లకే తల్లిని పోగొట్టుకొని, కలకత్తాలో మేనమామల ఇంట పెరిగినాడు. 1863లో కలకత్తా వైద్యకళాశాల నుండి ఎం.డి. పట్టా పొందినాడు. అంతకుముందు ఆ పట్టా పొందినవారు అక్కడ ఒక్కరే. హోమియోపతిని మొదట తీవ్రంగా ఖండించినవాడే, ఆ విషయమై చదివి, స్వయంగా పరిశీలించి, 1867లో వైద్యుల సభలోనే తన అభిప్రాయం మారినదని బహిరంగంగా ప్రకటించినాడు. తోటి వైద్యులు ఆయనను వెలివేసినారు. రోగుల రాక నిలిచిపోయినది. ఆయన చేరిన పక్షం సరియైనదా కాదా అన్నది వేరు ప్రశ్న. సత్యమని తోచినదానికోసం సంపాదనను వదులుకోగల స్వభావం ఆయనది అన్నది మనకు ఇక్కడ ముఖ్యం.

ఆ మరుసటి సంవత్సరం ఆయన ఒక వైద్య పత్రికను స్థాపించినాడు. అందులో 1869లో ప్రకటించిన వ్యాసంలో, భారతీయులు విజ్ఞానశాస్త్రాలను సాధన చేయడానికి జాతీయసంస్థ ఒకటి కావాలని ప్రతిపాదించినాడు. మన దేశంలో బుద్ధికి కొరత లేదు. ప్రకృతిని కంటితో చూచి, చేతితో పరీక్షించి తెలుసుకొనే అలవాటుకే కొరత అని ఆయన వాదం. ప్రభుత్వం పెట్టే సంస్థ ఆయనకు అక్కరలేదు. ఈ దేశీయుల ధనంతో, ఈ దేశీయుల నిర్వహణలో అది సాగవలెనని ఆయన పట్టుదల. 1872లో బంకించంద్రుడు తన వంగదర్శన్ పత్రికలో దీనిని గూర్చి వ్రాసి, ధనవంతులను విరాళాలకై ప్రబోధించినాడు. అయినా ఆలోచన పుట్టిన తరువాత తలుపులు తెరవడానికి ఏడేండ్లు పట్టినది. పెండ్లిండ్లకు, శ్రాద్ధాలకు వేలు ఖర్చు పెట్టే ఇండ్ల ముంగిట చందాపుస్తకం పట్టుకొని ఈ వైద్యుడు తిరగవలసి వచ్చినది.

ధనం కంటే పెద్ద చిక్కు వాదవివాదాల వల్ల వచ్చినది. ఇండియన్ లీగ్ అనే రాజకీయ సంఘంవారు, దరిద్రదేశానికి కావలసినది శుద్ధశాస్త్రం కాదు, చేతిపనులు నేర్పే పాఠశాల అన్నారు. ఈ మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. ఆకలితో ఉన్నవానికి వెలుతురు యొక్క స్వభావం బోధించడమేమిటని అడిగేవారు ఈనాడూ ఉన్నారు. మూలసూత్రాలు ఎరుగని పనివాడు ఎల్లకాలం ఇతరుల యంత్రాలకు సేవకుడుగానే ఉండిపోతాడని సర్కార్ సమాధానం. బంగాళం లెఫ్టినెంట్ గవర్నరు రిచర్డ్ టెంపుల్ మధ్యవర్తిగా నిలువగా, చివరకు సర్కార్ ఆశయమే నిలిచినది.

ఇక ఉపన్యాసాలు. సెయింట్ జేవియర్ కళాశాలకు చెందిన బెల్జియం దేశపు జెసూట్ గురువు ఫాదర్ లఫోఁ భౌతికశాస్త్రం చెప్పేవాడు. ఐరోపాలో కొత్తగా వెలువడిన యంత్రాలను తెప్పించి జనం ముందు పెట్టి చూపడంలో ఆయన దిట్ట. ఉపన్యాసం అనగా మాటల ప్రవాహమని అనుకొనే మన దేశంలో, మాటను ప్రయోగానికి లోబరచి మాట్లాడిన మొదటితరం ఉపన్యాసకులలో ఆయన ఒకడు. సర్కార్ కూడ పగలంతా రోగులను చూచి, సాయంకాలం వచ్చి విద్యుత్తును గూర్చి, ఉష్ణాన్ని గూర్చి చెప్పేవాడు. తరువాతి కాలంలో జగదీశచంద్ర బోసు, గణితం చెప్పిన అశుతోష్ ముఖర్జీ మొదలైనవారు ఆ వేదికను అలంకరించినారు. ఫాదర్ లఫోఁ ఏండ్ల తరబడి ఈ సేవ చేసినాడు.

ఈ కథలో తెలుగువారికి సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. విన్నదాన్ని శ్రోతలు తామే చేసి చూడాలంటే ప్రయోగశాల కావాలి. దానిని కట్టించడానికి ధనమిచ్చినది విజయనగరం మహారాజు. గురజాడ అప్పారావుకు ఆశ్రయమిచ్చిన ఆనందగజపతియే ఆ సమయంలో అక్కడి ప్రభువు. 1890-91లో వెలసిన ఆ కట్టడానికి విజయనగరం ప్రయోగశాల అని పేరుపెట్టినారు. కన్యాశుల్కం చదివే మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

అయినా సంవత్సరాలు గడచినకొద్దీ సర్కార్ దిగులు పెరిగినది. ఆయన కోరినది ఉపన్యాసాలతో తృప్తిపడే సంస్థ కాదు. జీతం తీసుకొని, మరే చింతా లేక, జీవితమంతా పరిశోధనకే అంకితం చేసే ఆచార్యులను నియమించాలని ఆయన ఆశ. అందుకు కావలసిన మూలధనం పోగుకాలేదు. కళాశాలలలో శాస్త్రబోధన పెరిగినకొద్దీ బౌబజారు సభకు శ్రోతలు తగ్గినారు. తన జీవితాంతంలో, 1902 నాటి సభలో, తన యత్నం ఫలించలేదని ఆయన బహిరంగంగానే వాపోయినాడు. 1904 ఫిబ్రవరిలో మరణించినాడు.

కాని ఉపన్యాసశాల యొక్క ఫలితాన్ని లెక్క కట్టవలసినది ఆ శాలలోనేనా? 1885 ప్రాంతంలో వాతావరణశాఖ ఉద్యోగిగా కలకత్తాలో ఉన్న ఒక పంజాబీ యువకుడు బౌబజారు ఉపన్యాసాలకు వచ్చేవాడు. ఆయన పేరు రుచిరామ్ సాహ్నీ. లాహోరుకు తిరిగిపోయి, అక్కడి ఆచార్యుడు ఓమన్‌తో కలసి పంజాబు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌ను నడిపినాడు. పంజాబు పట్టణాలు తిరిగి మాయాదీపం సహాయంతో బొమ్మలు చూపుతూ, ప్రయోగాలు చేస్తూ వందలకొలది ఉపన్యాసాలిచ్చినాడు. గాలిని గూర్చి, తాగే నీటిని గూర్చి, పిల్లల ఆటవస్తువులను గూర్చి, సబ్బు తయారీని గూర్చి చెప్పినాడు. ప్రవేశరుసుము కొన్నిచోట్ల రెండు పైసలు. అది చెల్లించి అంగళ్లవారు, పనివారు వచ్చి కూర్చునేవారు.

వారు రాగలిగినది ఆయన పంజాబీలో మాట్లాడినాడు గనుక. బౌబజారు సభలోని లోపం సరిగా ఇక్కడే కనబడుతున్నది. అక్కడి ఉపన్యాసాలు ఆంగ్లంలో సాగినవి. తలుపు అందరికీ తెరచియే ఉన్నా, గడప మాత్రం ఆంగ్లంతో కట్టినది. ఆ వీధిలోనే అంగడి పెట్టుకొని బ్రతికే వంగీయుడు లోపలికి వచ్చినా వినగలిగేది ఎంత? శ్రోతలు తగ్గడానికి ఆయన తన ప్రజల ఉదాసీనతను కారణంగా చెప్పినాడు. అందులో కొంత నిజముండవచ్చును. వారికి అర్థమయ్యే భాషలో పిలువని పిలుపును వినలేదని జనాన్ని నిందించడం మాత్రం న్యాయం కాదు. ఈ పాఠాన్ని తరువాతివారు నేర్చుకొన్నారు. 1906లో హైదరాబాదులో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథాలు వెలువరించినది. 1913లో ప్రయాగలో ఏర్పడిన విజ్ఞాన్ పరిషత్తు హిందీలో అదే పని చేపట్టి, 1915 నుండి విజ్ఞాన్ అనే పత్రికను నడిపినది.

సర్కార్ మరణించిన మూడేండ్లకు, 1907లో, ఆర్థికశాఖలో ఉద్యోగం పొంది కలకత్తాకు వచ్చిన పద్ధెనిమిదేండ్ల తమిళ యువకుడు ఒకనాడు ట్రాము బండిలో పోతూ ఆ సంఘం పేరుగల పలకను చూచినాడు. దిగి వెళ్లి తలుపు తట్టినాడు. అశుతోష్ దే అనే ఉద్యోగి తలుపు తీసినాడు. సర్కార్ కుమారుడు అమృతలాల్ ఆయనను ఆదరంతో లోపలికి తీసుకొనిపోయినాడు. పరికరాలున్నవి, గదులున్నవి, పనిచేసేవారు లేరు. ఉద్యోగానికి పోకముందు, వచ్చిన తరువాత ఆ యువకుడు అక్కడ పనిచేసినాడు, తానూ ఉపన్యాసాలిచ్చినాడు. ఆయనే చంద్రశేఖర వెంకట రామన్. 1928 ఫిబ్రవరి 28న ప్రపంచం ఆయన పేరుతో పిలిచే కాంతి విశేషాన్ని ఆ భవనంలోనే గుర్తించినాడు. 1930లో నోబెల్ బహుమానం వచ్చినది.

ఈ విజయాన్ని చూపి సర్కార్ గెలిచినాడని వ్యాసం ముగించడం సులభం. కాని అది సగం సత్యమే. ఉపన్యాసశాలను ఒక మేధావి కోసం కట్టలేదు. అక్కడికి వచ్చి విని, పేరు మిగుల్చుకోకుండా పోయినవారు ఎందరో. వారి ఇండ్లలో, వారి పిల్లల చదువులలో ఆ వెలుతురు ఎంత పడ్డదో కొలిచే పరికరం ఏ ప్రయోగశాలలోనూ లేదు. ఒకటి మాత్రం నిశ్చయం. శ్రోతలు తగ్గిన రోజులలో ఆ సభను మూసివేసి, పరికరాలు అమ్మివేసి ఉంటే, 1907లో తట్టడానికి తలుపే ఉండేది కాదు.

సంఘం తరువాత జాదవ్‌పూరుకు తరలిపోయినది. పాత చిరునామాలో నేడు వాణిజ్యకళాశాల నడుస్తున్నది. మన ఊళ్లలో గ్రంథాలయపు వరండాలో పదిమంది కూడా రాని ఉపన్యాసాన్ని ఏర్పాటుచేసి, ఖాళీ బల్లలను చూచి క్రుంగిపోయే కార్యదర్శులు ఇప్పటికీ ఉన్నారు. వారు ఒకసారి మహేంద్రలాల్ సర్కార్ చరిత్ర చదవవలెను. చదివి, వచ్చే నెల ఉపన్యాసం జనానికి తెలిసిన భాషలో పెట్టించి, దీపం వెలిగించి, తలుపు తెరచి ఉంచవలెను.