సహజ వనరుల సంరక్షణ: విశ్వవిద్యాలయ విద్య

నేల, నీరు, అడవి, పచ్చిక బీళ్లు, వన్యప్రాణులు తరిగిపోకుండా, వాటి మీద ఆధారపడి బతికేవారి అవసరాలూ తీరేలా చూడటం ఎలాగో నేర్పే చదువు సహజ వనరుల సంరక్షణ. భారతదేశంలో ఇది తరచూ వేర్వేరు శాఖల్లో విడివిడిగా కనిపిస్తుంది: అటవీశాస్త్రం, మృత్తికా శాస్త్రం, వ్యవసాయ ఇంజనీరింగులోని నేల-నీటి సంరక్షణ, పర్యావరణ శాస్త్రం, వన్యప్రాణి శాస్త్రం.

దేశంలో ఈ చదువు కలప కోసం పుట్టింది. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు అడవులు నరికేస్తున్న రోజుల్లో, 1864లో, జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్ అటవీ శాఖకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1878లో డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ స్కూలు మొదలైంది. 1906లో అక్కడే ఇంపీరియల్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. అదే 1991లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది. బ్రాండిస్ సలహాలతో చదువు సాగించిన అమెరికన్ గిఫర్డ్ పించో కుటుంబం ఇచ్చిన విరాళంతో 1900లో యేల్ విశ్వవిద్యాలయంలో అటవీ పాఠశాల వెలిసింది. ఏటా పెరిగినంత కలపే కొట్టాలన్నది ఆనాటి సూత్రం. అది మంచి సూత్రమే, కానీ అడవిలో బతికే మనుషులకు ఆ లెక్కలో చోటు లేదు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం, 1990లో మొదలైన ఉమ్మడి అటవీ యాజమాన్యం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చాక పాఠ్యాంశాలు మారక తప్పలేదు.

చదువులో ఎక్కువ భాగం కొలవడమే. చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున తీసుకుంటారు. అడవిలో చదరాలు గుర్తించి, ఒక్కో చదరంలో ఏ జాతులు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. నేల కోతను అంచనా వేయడానికి విష్‌మియర్, స్మిత్ రూపొందించిన సమీకరణాన్ని వాడతారు. వాన తీవ్రత, నేల స్వభావం, వాలు పొడవు, వాలు నిటారుతనం, నేలను కప్పి ఉన్న పైరు, రైతు పాటించే సంరక్షణ పద్ధతి అనే ఆరింటినీ గుణిస్తే హెక్టారుకు ఏటా ఎన్ని టన్నుల మట్టి కొట్టుకుపోతుందో తెలుస్తుంది. మొదటి నాలుగింటిలో వాన, నేల మనిషి మార్చగలిగేవి కావు. వాలును గట్లతో కొంత తుంచవచ్చు. పైరు, పద్ధతి మాత్రం పూర్తిగా మనిషి చేతిలోవే. కాంటూరు గట్లు ఎక్కడ వేయాలో, చెక్‌డ్యామ్ ఎక్కడ కట్టాలో విద్యార్థి తేల్చుకునేది ఇక్కడే.

ఉపగ్రహ చిత్రాలు ఈ పనిని సులువు చేశాయి గానీ, పొలం గట్టు మీద నడవడానికి ప్రత్యామ్నాయం కాలేదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నివేదికల్లో, ఒక హెక్టారు లేదా అంతకు మించిన స్థలంలో చెట్ల కొమ్మల కప్పు 10 శాతం ఉంటే చాలు, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా అది అటవీ ఆచ్ఛాదన కిందికే వస్తుంది. మామిడి తోట, నీలగిరి తోట, నల్లమల అడవి ఒకే మొత్తంలో కలిసిపోతాయి. అక్కడికి వెళ్లి చూడని విద్యార్థికి ఆ అంకె వెనుక ఏముందో తెలియదు.

ఈ చదువులో సామాజిక శాస్త్రానిది కీలక స్థానం. ఉమ్మడి వనరును అందరూ వాడుకుని నాశనం చేస్తారని గారెట్ హార్డిన్ 1968లో వాదించాడు. ఊళ్లు కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకున్న ఉదాహరణలను ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో పుస్తకంగా తెచ్చింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ చర్చలో తెలుగు నేలకూ భాగం ఉంది. రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లాలో కాలువ కింది ఊళ్లను పరిశీలించి, 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ వెలువరించాడు. నీళ్లు సరిగా అందని కాలువ చివరి ఊళ్లే ఎక్కువగా ఒక్కటై, పొలాలకు నీళ్లు పంచే మనుషులను సొంతంగా పెట్టుకుంటున్నాయని అతడు చూపాడు. నీళ్లు పుష్కలంగా పారే ఎగువ ఊళ్లకు ఆ అవసరం అంతగా కలగలేదు. సంరక్షణ చదివేవారు ముందుగా చదవవలసిన పుస్తకాల్లో ఇదొకటి.

తెలంగాణలో అటవీశాస్త్ర డిగ్రీ బోధించే ఫారెస్ట్ కాలేజీ, పరిశోధన సంస్థ 2016లో ప్రారంభమైంది. దాని ప్రాంగణం సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. పేరు ఒకటే అయినా అటవీ ప్రాంతమైన ములుగు జిల్లాకు దీనితో సంబంధం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో నేల, నీటి యాజమాన్యం బోధిస్తారు. నేర్చుకోవడానికి చుట్టూ ఉన్న నేలే పెద్ద ప్రయోగశాల: శేషాచలంలో ఎర్రచందనం, కోరింగలో మడ అడవులు, చేపల చెరువులు ఆక్రమించిన కొల్లేరు, ఇక్రిశాట్ వాటర్‌షెడ్ పనులు చేపట్టిన కొత్తపల్లి.

చదువు పూర్తయినవారు అటవీ శాఖలోకి, వాటర్‌షెడ్ పథకాల్లోకి, పరిశోధన సంస్థల్లోకి, స్వచ్ఛంద సంస్థల్లోకి వెళతారు. భారత అటవీ సర్వీసు పరీక్ష రాయడానికి అటవీశాస్త్ర పట్టా తప్పనిసరి కాదు. వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, గణితం, ఇంజనీరింగు వంటివి చదివినవారూ అర్హులే. అటవీశాస్త్రం చదివినవారు వారందరితో పోటీ పడాలి. ఎంపికైనవారికి డెహ్రాడూన్‌లోని ఇందిరాగాంధీ జాతీయ అటవీ అకాడమీలో శిక్షణ ఉంటుంది.